చైన్ వీల్ పెద్దది వేస్తే ఈ-సైకిల్ స్పీడ్ పెరుగుతుందా?

ఎలక్ట్రిక్ క్రూజర్ సైకిల్ కొన్న ఇళ్లలో కొన్ని నెలలకే వినిపించే మాట ఒకటుంది. ‘పెడల్ ఊరికే తిరిగిపోతోంది అబ్బా, కాళ్లకు పట్టు దొరకడం లేదు. ముందు చైన్ వీల్ పెద్దది వేయిస్తే ఇంకా స్పీడ్‌గా పోతుంది’ అని. ఇందులో మొదటి సగం నిజం. రెండో సగం మాత్రం మన ఊళ్లలో తిరిగే చాలా బండ్ల విషయంలో నిజం కాదు. డబ్బులు పెట్టే ముందే ఈ తేడా తెలుసుకోవడం మంచిది. ఎందుకంటే చైన్ వీల్ మార్చినా అనుకున్న స్పీడ్ రానప్పుడు కుర్రాళ్లు చేయించే రెండో పని ఇంటి పెద్దల మెడకు చుట్టుకునే పని.

క్రూజర్ అంటే వెడల్పాటి సీటు, వెనక్కి వంగిన పొడవాటి హ్యాండిల్, లావు టైర్లు ఉన్న సైకిల్. నడుం నిటారుగా పెట్టుకుని కూర్చోవచ్చు కాబట్టి వయసు మీద పడినవాళ్లకు హాయిగా ఉంటుంది. ఇబ్బంది కూడా ఆ కూర్చునే తీరులోనే ఉంది. మామూలు సైకిల్‌పై ఎత్తు వస్తే సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా పెడల్ మీద వేసి తొక్కుతారు. క్రూజర్‌లో సీటు కిందికి, వెనక్కి ఉండడంతో అలా లేచి తొక్కడం కష్టం. బలమంతా మోకాళ్లే పెట్టాలి. అందుకే దీనికి పళ్ల లెక్క మరింత జాగ్రత్తగా చూసుకోవాలి.

ఆ లెక్క పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ముందు చైన్ వీల్‌కు ఎన్ని పళ్లున్నాయో, వెనక ఫ్రీవీల్‌కు ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టి, ముందుదాన్ని వెనకదానితో భాగించాలి. అబ్బాజాన్‌ల కాలం నాటి నల్ల సైకిళ్లలో ముందు 44, వెనక 18 పళ్లు ఎక్కువగా కనిపించేవి. గేర్లు లేని ఈ-సైకిళ్లలోనూ ఇంచుమించు అదే కొలత ఉంటుంది. 44ను 18తో భాగిస్తే 2.44. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.07 మీటర్లు పోతుంది గనుక, ఒక్కో తొక్కుడుకు బండి 5 మీటర్ల చిల్లర ముందుకు వెళ్తుంది.

మామూలు మనిషి ఆయాసం లేకుండా నిమిషానికి 60 చుట్లు తొక్కగలడు. ఆ లెక్కన బండి గంటకు 18 కిలోమీటర్లు పోతుంది. మోటార్ మాత్రం 25 దాకా లాగుతుంది. 25 దగ్గర కాళ్లు కూడా పనిచేయాలంటే నిమిషానికి 82 చుట్లు తిప్పాలి. క్రూజర్‌ మీద కూర్చుని అంత వేగంగా కాళ్లాడించడం ఎవరికైనా విసుగే. కాబట్టి ఏమవుతుందంటే, కాళ్లు మెల్లగా తిరుగుతూనే ఉంటాయి కానీ చైన్ మీద బలమే పడదు. ‘కాళ్లకు పట్టు దొరకడం లేదు’ అన్న మాటకు అర్థం ఇదే.

ఇప్పుడు అసలు విషయం. మన దగ్గర అమ్ముడుపోయే ఈ-సైకిళ్లలో ఎక్కువ వాటికి మోటార్ వెనక చక్రం మధ్యలోనే ఉంటుంది. దీన్ని హబ్ మోటార్ అంటారు. అది చక్రాన్ని నేరుగా తిప్పుతుంది, చైన్‌తో దానికి సంబంధం లేదు. ముందు 44 పళ్లున్నా 52 పళ్లున్నా మోటార్‌కు తెలియను కూడా తెలియదు. పెడల్ దగ్గర పెట్టే చిన్న అయస్కాంతాల సెన్సర్ కూడా ‘పెడల్ తిరుగుతోందా లేదా’ అన్నదే చూస్తుంది, ఎంత బలంగా తొక్కుతున్నారన్నది చూడదు. చైన్ వీల్ ఎంత పెద్దది వేసినా మోటార్ ఇచ్చే స్పీడ్ అంతే. ఖరీదైన కొన్ని బండ్లలో మోటార్ పెడల్ దగ్గరే ఉండి, దాని బలం కూడా చైన్ ద్వారానే వెళ్తుంది. వాటిలో పళ్లు మారిస్తే మోటార్ లాగే తీరు కూడా మారుతుంది. మీ బండి ఏ రకమో తెలియాలంటే వెనక చక్రం మధ్యలో చూడండి, లావాటి డబ్బాలాంటిది ఉండి దాంట్లోకి వైరు వెళ్తుంటే అది హబ్ మోటారే.

మరి హబ్ మోటార్ ఉన్నవాళ్లు పళ్లు మార్చడం దండగేనా? కాదు. లాభం వేరే చోట ఉంది, బ్యాటరీలో. చదును రోడ్డు మీద నిటారుగా కూర్చుని 25 స్పీడ్‌లో పోవడానికి సుమారు 170 వాట్ల బలం కావాలి. కాళ్లు ఖాళీగా తిరుగుతుంటే ఆ 170 మొత్తం బ్యాటరీ మీదే పడుతుంది. కాళ్లకు పట్టు దొరికి 60 వాట్లు అవి ఇచ్చాయనుకోండి, బ్యాటరీ మీద 110 పడుతుంది. 36 వోల్టుల, 7.5 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 270 వాట్ అవర్లు. ఖాళీ పెడల్‌తో 25 కిలోమీటర్ల దగ్గర చేతులెత్తేసే బండి, కాళ్లు సాయం పడితే 35, 40 దాకా లాగవచ్చు. రోడ్డును బట్టి, గాలిని బట్టి, మనిషి బరువును బట్టి ఈ అంకెలు అటూఇటూ అవుతాయి కానీ తేడా మాత్రం చిన్నది కాదు. పళ్లు మార్చేది స్పీడ్ కోసం కాదు, చార్జింగ్ ఎక్కువ దూరం రావడానికి అనుకుంటే సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడ చాలామందికి తట్టని కిటుకు ఒకటుంది. ముందు చైన్ వీల్‌ను 44 నుంచి 48కి పెంచితే 25 స్పీడ్ దగ్గర నిమిషానికి 75 చుట్లు తొక్కాలి. ముందుదాన్ని ముట్టుకోకుండా వెనక ఫ్రీవీల్‌ను 18 నుంచి 16కి తగ్గిస్తే 73 చుట్లు చాలు. అంటే వెనక రెండు పళ్లు తగ్గించడం ముందు నాలుగు పళ్లు పెంచడం కన్నా ఎక్కువ పనిచేస్తుంది. పైగా ఫ్రీవీల్ కొన్ని వందల్లో వచ్చే పార్టు. చాలా చౌక బండ్లలో చైన్ వీల్, క్రాంక్ కలిపి రివెట్ కొట్టి ఉంటాయి కాబట్టి ముందు మార్చాలంటే మొత్తం సెట్టే కొనాలి. రెండూ మార్చి 52, 16 వేస్తే 62 చుట్లకే 25 వస్తుంది. కానీ దాని మూల్యం ఎత్తు దగ్గర తెలుస్తుంది.

వెనక ఏడు గేర్లున్న బండి అయితే ముందు ఒక పని చేయాలి, గేరు మార్చి చూడాలి. మామూలుగా వచ్చే 14 నుంచి 28 పళ్ల సెట్‌లో చివరి గేరు 14. ముందు 44 ఉంటే ఆ గేరులో 25కు 64 చుట్లే పడతాయి. పట్టు దొరకడం లేదని వచ్చే గేరు సైకిళ్లలో కొన్నింటికి మార్చాల్సింది పార్టు కాదు, మూడో గేరులోనే వదిలేసిన లివర్.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ పాత వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలైన ఊళ్లే. అయినా ఒక ఊరికి సరిపోయే పళ్లు ఇంకో ఊరికి సరిపోవు. జనగామ నుంచి పెంబర్తి వైపో, రఘునాథపల్లి వైపో హైవే వెంట రోజూ వెళ్లొచ్చే మనిషికి ఆగకుండా సాగే రోడ్డు దొరుకుతుంది. వెనక 16 ఫ్రీవీల్ అలాంటివాళ్లకు బాగుంటుంది. మహబూబాబాద్‌లో స్టేషన్, మార్కెట్, మస్జిద్, పిల్లల ట్యూషన్ అంటూ ఊళ్లోనే ఆగి ఆగి తిరిగేవాళ్లకు 44, 18 చాలు. రోజూ కేసముద్రం దాకా వెళ్లేవాళ్లయితే 16 గురించి ఆలోచించవచ్చు. భూపాలపల్లి సంగతి వేరు. సింగరేణి షిఫ్టులకు, చెల్పూరు థర్మల్ కేంద్రం వైపు వెళ్లే రోడ్డు మీద బొగ్గు టిప్పర్ల పక్కన నడపాలి. అక్కడ టాప్ స్పీడ్ కన్నా ఆగిన చోటి నుంచి గబుక్కున కదలడం ముఖ్యం. బరువైన పళ్లు వేసుకుంటే మొదటి రెండు తొక్కుళ్లకు బండి ఊగుతుంది, వెనక టిప్పర్ ఉన్నప్పుడు అది మంచిది కాదు. అక్కడ 18 ఉంచడమో, 20కి పెంచడమో మేలు.

తెలంగాణ రోడ్లు చూడ్డానికి చదునుగా కనిపించినా సన్నటి ఎత్తులు పడుతూ లేస్తూ సాగుతాయి. దానికి తోడు ఫ్లైఓవర్లు, రైల్వే వంతెనలు. హబ్ మోటార్‌కు ఒక బలహీనత ఉంది. చక్రం మెల్లగా తిరిగేటప్పుడు అది కరెంటు ఎక్కువ తాగి, దాంట్లో చాలా భాగాన్ని వేడిగా మార్చేస్తుంది. ఎత్తు మీద కాళ్లు సాయం చేసి చక్రాన్ని ఓ మోస్తరు వేగంలో ఉంచితేనే దానికి సుఖం. పళ్లు మరీ బరువైతే కాళ్లు ఆగిపోతాయి, ఆ వెంటే మోటార్ కూడా ఉసూరుమంటుంది. వెనక క్యారియర్‌పై బియ్యం బస్తాతో వంతెన ఎక్కే అలవాటున్న ఇంటికి 52 పళ్ల చైన్ వీల్ అక్కర్లేని బరువే.

ఇక ఆ రెండో పని. పళ్లు మార్చినా 30 దాటడం లేదని కొందరు కంట్రోలర్‌లో ఉండే స్పీడ్ హద్దును తీయిస్తారు, లేదా పెద్ద మోటార్ కట్టిస్తారు. నిజానికి 25 నుంచి 32కి వెళ్లాలంటే గాలి తాకిడి వల్ల కావాల్సిన బలం 170 వాట్ల నుంచి 320 దాకా, అంటే దాదాపు రెట్టింపు అవుతుంది. చిన్న బ్యాటరీకి అది చావుదెబ్బ. అంతకన్నా పెద్దది చట్టం. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం పెడల్ సైకిల్‌కు అదనంగా పెట్టిన మోటార్ అరగంట పాటు ఇచ్చే పవర్ 0.25 కిలోవాట్ లోపు ఉండి, 25 స్పీడ్‌కు చేరేసరికి దాని సాయం ఆగిపోతే అది మోటారు వాహనం కాదు. రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు అవసరం లేదు. పళ్లు మార్చడం వల్ల ఈ హోదా పోదు, ఎందుకంటే 25 దాటితే తొక్కేది కాళ్లే. హద్దు తీసేస్తే మాత్రం అదే సైకిల్ చట్టం దృష్టిలో మోటారు వాహనం అయిపోతుంది.

అప్పుడు 14 ఏళ్ల పిల్లవాడు దాని మీద ట్యూషన్‌కు వెళ్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద బాధ్యత తండ్రిది లేదా బండి ఓనర్‌ది. 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఆ సెక్షన్‌లో రాసి ఉన్నాయి. ఎవరికైనా బండి తగిలి దెబ్బలు తగిలితే ఇన్సూరెన్సు లేదు గనుక పరిహారం ఇంటి మీదే పడుతుంది. స్పీడే కావాలనుకుంటే 18 నిండినవాళ్లు లైసెన్సు తీసుకుని ఎలక్ట్రిక్ స్కూటర్ కొనుక్కోవడమే దారి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది కూడా.

పళ్లు మార్పించాలనే నిర్ణయించుకుంటే, మిస్త్రీ దగ్గర కూర్చుని చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్త చైన్ వీల్ ఫ్రేమ్ వెనక కడ్డీకి తగలకూడదు. పెడల్ సెన్సర్ అయస్కాంతాల బిళ్ల క్రాంక్ పక్కనే ఉంటుంది, దానికీ సెన్సర్‌కూ మధ్య సందు మునుపటిలాగే ఉండాలి. అది కాస్త జరిగినా మోటార్ ఆగి ఆగి వస్తుంది, ఇంట్లోవాళ్లు బ్యాటరీ పోయిందనుకుంటారు. ముందు ఎనిమిది పళ్లు పెంచితే చైన్ రెండు అంగుళాలు పొడవు కావాలి. చక్రాన్ని ముందుకూ వెనక్కూ జరిపి సర్దేటప్పుడు హబ్ మోటార్ ఇరుసు దగ్గరి నొక్కు వాషర్ మళ్లీ తన గాడిలో కూర్చోవాలి, లేకపోతే మోటార్ లాగినప్పుడు ఇరుసే తిరిగి వైరు తెగుతుంది. వెనక ఫ్రీవీల్ విప్పడానికి దాని సొంత టూల్ కావాలి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి విప్పే పాత పద్ధతి మోటార్ మీద చేయనివ్వకండి. వరంగల్‌లోనూ దొరకని పార్టు అయితే హైదరాబాద్ కోఠిలోని ఇసామియా బజార్ సైకిల్ దుకాణాల్లో అడగవచ్చు.

పాత చైన్ ఉంచాలా వద్దా అన్నది అడుగు స్కేలుతో తేలిపోతుంది. ఒక పిన్ మధ్యభాగాన్ని సున్నా దగ్గర పెడితే కొత్త చైన్‌లో 12 అంగుళాల గీత మీదికి సరిగ్గా ఇంకో పిన్ వస్తుంది. అది అంగుళంలో పదహారో వంతు దాటి పోయిందంటే చైన్ సాగింది. సాగిన చైన్‌ను కొత్త పళ్ల మీద వేస్తే ఆ పళ్లను కూడా తినేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది చైన్ కవర్. పెద్ద చైన్ వీల్ పాత కవర్‌లో పట్టదు. ‘కవర్ ఎందుకు లెండి’ అని మిస్త్రీ తీసి పక్కన పడేస్తాడు. మరుసటి రోజు అదే సైకిల్ మీద అమ్మీ బయల్దేరుతుంది. బుర్ఖా అంచు, దుపట్టా, పైజామా పాంచా చైన్‌లో పడితే మామూలు సైకిల్‌పై కాలు ఆపగానే చైన్ ఆగుతుంది. ఇక్కడ వెనక నుంచి మోటార్ తోస్తూ ఉంటుంది, బట్ట లాక్కుపోయిన మనిషి బ్రేక్ దాకా చేయి చాపలేకపోవచ్చు. కవర్ పట్టనంత పెద్ద చైన్ వీల్ ఆ ఇంటికి వద్దు, దాని బదులు వెనక 16 ఫ్రీవీల్‌తో సరిపెట్టుకుంటే కవర్ ఉన్నచోటే ఉంటుంది. బ్రేక్ పట్టగానే మోటార్ ఆగే స్విచ్ లివర్‌లో పనిచేస్తోందో లేదో కూడా చక్రం గాల్లోకి లేపి అప్పుడే చూడాలి.

క్రాంక్ విప్పి బిగించిన బండిని 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ షాపుకు తీసుకెళ్లి క్రాంక్ బోల్టు మరోసారి బిగించమనండి. నలుచదరపు ఇరుసు మీద కూర్చునే అల్యూమినియం క్రాంక్ మొదటి రోజుల్లో కాస్త వదులవుతుంది. అలాగే తొక్కితే లోపలి గాడి అరిగి, క్రాంక్ మొత్తం కొత్తది వేయాల్సి వస్తుంది.