కాలువ దాటిందెక్కడ?

పిల్లలూ! తెనాలి, బాపట్ల, రేపల్లె కృష్ణా పడమటి డెల్టాలోని ఊళ్ళు. ఎటు వెళ్ళినా కాలువలే. తెనాలి నుంచి రేపల్లెకు బయలుదేరిన మనిషి పొద్దున ఒక కాలువకు ఈ గట్టున, మధ్యాహ్నం ఆ గట్టున కనిపించాడనుకోండి. మధ్యలో ఎక్కడో కాలువ దాటాడన్న మాటే గదా! ఈ చిన్న సంగతి ఆధారంగానే కంప్యూటరు పెద్ద పెద్ద లెక్కలు తేలుస్తుంది.

ఒక లెక్క చూడండి. బాపట్లలో ఒక ఇంటివారికి 2,000 లీటర్లు, అంటే 2 ఘనమీటర్ల నీరు పట్టే తొట్టి కావాలి. పొడవు, వెడల్పు, లోతు సమానంగా ఉండాలి. తాపీమేస్త్రీకి ఏ కొలత చెప్పాలి? ఆ కొలత ఘనంలోంచి 2 తీసివేస్తే సున్న రావాలి. ఇలాంటి సూత్రాన్ని ప్రమేయమనీ, సున్న తెచ్చే సంఖ్యను దాని శూన్యమనీ అంటారు.

కొలత 1 మీటరైతే వచ్చేది -1, ఋణం. 2 మీటర్లైతే 6, ధనం. గట్టు మారింది! శూన్యం ఈ రెంటి మధ్యే ఉంది. సగాన ఉన్న 1.5 వేస్తే 1.375, ధనం. కనుక శూన్యం 1కీ 1.5కీ మధ్య ఉంది. మళ్ళీ సగం, 1.25 వేస్తే ఋణం. కనుక 1.25కీ 1.5కీ మధ్య. ఇలా పదిసార్లు సగం చేస్తే, వెతకవలసిన మీటరు కాస్తా ఒక మిల్లీమీటరుకు లోపు అయిపోతుంది. జవాబు సుమారు 126 సెంటీమీటర్లు.

మ్యాట్‌ల్యాబ్‌లో ‘ఎఫ్‌జీరో’ అనే ఆదేశం ఈ పని రెప్పపాటులో చేస్తుంది. హాలండువాడైన డెక్కర్ రూపొందించగా, ఆస్ట్రేలియా గణితజ్ఞుడు బ్రెంట్ 1973లో వెలువడిన తన గ్రంథంలో మెరుగుపరచిన పద్ధతి దానికి ఆధారం. సగం చేయటమే కాక, వీలైన చోట శూన్యం ఎక్కడుంటుందో అంచనా కట్టి ముందుకు దూకుతుంది. ఉచితంగా దొరికే ఆక్టేవ్‌లోనూ ఇదే పేరుగల ఆదేశం ఉంది.

అయితే యంత్రాన్ని గుడ్డిగా నమ్మరాదు. ఒక సంఖ్యలోంచి 1 తీసివేసి, అదే సంఖ్యలోంచి 2 తీసివేసి, ఆ రెంటినీ హెచ్చించండి. సంఖ్య 0 అయినా, 3 అయినా వచ్చేది 2. గుర్తు మారలేదు గనుక, ఆ హద్దులిస్తే ఎఫ్‌జీరో తప్పని చెప్పి ఆగిపోతుంది. కాని 1, 2 రెండూ శూన్యాలే! మనిషి కాలువ దాటి, మళ్ళీ దాటి, మొదటి గట్టుకే వచ్చాడన్న మాట.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. 90 డిగ్రీల దగ్గర టాన్ గుర్తు మారుతుంది గాని, అక్కడ దానికి విలువే లేదు. మనిషి నీటిలో కాలు పెట్టకుండా ఆవలి గట్టుకు దూకినట్టు! ఎఫ్‌జీరో ఆ చోటునే శూన్యమని చూపగలదు.

అందుకే ముందుగా గ్రాఫు కాగితం మీద గీత గీసి చూడండి. వచ్చిన జవాబును తిరిగి ప్రమేయంలో వేసి, సున్న వస్తున్నదో లేదో పరీక్షించండి. 3,000 లీటర్ల తొట్టికి కొలత ఎంత? పెన్సిలు తీసుకుని ప్రయత్నించండి. మీ జవాబు సరియైనదో కాదో ఎవరినీ అడగనక్కరలేదు, మీకే తెలుస్తుంది.