పేరు విడిచి పంట నిలుపుకొనిన ద్రాక్షరైతులు

ఫ్రాన్సు దేశపు ఉత్తరభాగమున షాంపేన్ అను సీమ కలదు. అచ్చట తయారగు నురుగు ద్రాక్షారసము ఆ సీమ పేరిటనే లోకమంతట ప్రసిద్ధి కెక్కినది. అట్టి ద్రాక్షారసమునే ఆ దేశములోని మరి యెనిమిది ప్రాంతముల రైతులును తయారుచేయుచున్నారు. కాని వారు దానిని షాంపేన్ అని పిలువరాదు. ‘క్రెమాన్’ అని పిలిచెదరు. త్రాగుడును ప్రశంసించుట మా యుద్దేశము కాదు. పేరుగల పొరుగువాని ప్రక్కన పేరులేని రైతు యెట్లు బ్రతుకవలెనను ప్రశ్నకు ఆ రైతులు చెప్పిన సమాధానము మన సభ్యులకు వినదగినది గనుక ఈ సంగతి వ్రాయుచున్నాము.

మొదట తయారీ విధానము తెలిసికొందము. కుండలోని కల్లు నురుగుకట్టుట మన మెరుగుదుము. చక్కెర పులిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. కుండకు మూత లేనందున అది గాలిలో కలిసిపోవును. క్రెమాన్ చేయువారు దానిని పోనీయరు. ఒకసారి పులిసిన రసమును దళసరి గాజు సీసాలలో నింపి, లీటరుకు ఇంచుమించు 20 మొదలు 24 గ్రాముల చక్కెరయు, పులియబెట్టు ఈస్టును చేర్చి, గట్టిగా మూతవేయుదురు. రసము సీసాలోనే రెండవసారి పులియును. పోవుటకు దారిలేని వాయువు రసములోనే కరగిపోవును. పిమ్మట సీసాను తలక్రిందుగా వంచి, కొంచెము కొంచెముగా త్రిప్పుచు మడ్డిని మెడలోనికి దింపి, మెడను గడ్డకట్టించి మూత తీయగా మడ్డి బయటికి చిమ్మును. షాంపేన్ సీమలో జరుగునదియు ఇదే పని.

అయినచో పేరు విషయమై ఇంత పట్టుదల యేల? పూర్వము కొందరు షాంపేన్ వర్తకులు ఇతర సీమల చౌక రసమును తెప్పించి, షాంపేన్ పేరుతో అమ్మసాగిరి. స్థానిక రైతుల పంటకు ధర పడిపోయెను. 1911వ సంవత్సరమున వారు తిరుగబడి, వర్తకుల నేలమాళిగలపై బడి పీపాలను పగులగొట్టిరి. ప్రభుత్వము సైన్యమును పంపవలసివచ్చెను. కావున పేరును కాపాడుకొనుటలో ఆ సీమ రైతులకును న్యాయమున్నది.

అట్లని తక్కిన ప్రాంతముల వారు పొరుగువారి పేరును ఎరువు తెచ్చుకొన్నవారు కారు. దక్షిణమున, పిరనీసు పర్వతముల చేరువ, లిమూ అను పట్టణ ప్రాంతమున 1531లోనే సెయింట్ ఇలేర్ మఠపు సన్యాసులు నురుగు ద్రాక్షారసము చేసిరని అచ్చటివారు చెప్పుకొందురు. వారి మోజాక్ ద్రాక్ష వేరు, లువార్ నదీతీరపు షెనాన్ ద్రాక్ష వేరు. నేలనుబట్టి రుచి మారును.

ఈ రైతులు వ్యాజ్యములకంటె కట్టుబాటును మేలుగా నెంచిరి. క్రెమాన్ అను మాటను పూర్వము షాంపేన్ వారే, తక్కువ నురుగుగల తమ రసమునకు వాడెడివారు. వారు దానిని ఇతరులకు వదలిరి. ఇతరులు ‘షాంపేన్ పద్ధతి’ అను మాటను వదలిరి. 1994 మొదలు ఆ మాటను ఇతరులు సీసాలపై ముద్రింపరాదు. 1975లో బర్గండీ, లువార్ ప్రాంతములకును, 1976లో ఆల్సేసునకును, 1990లో లిమూకును క్రెమాన్ పేరు చట్టబద్ధముగా లభించెను.

పేరుతోపాటు నియమములును వచ్చినవి. పండ్లను చేతితోనే కోయవలెను; గుత్తులు చెదరక గానుగకు చేరవలెను. 150 కిలోల పండ్లనుండి 100 లీటర్లకు మించి రసము తీయరాదు. కడపటి పిండుడు రసము ముతకది గనుక దానిని కలుపరాదు. సీసా మడ్డిపై తొమ్మిది నెలలకు తక్కువ కాకుండ ఉండవలెను.

ఇన్ని నియమములు పాటించుటకు గానుగలు, చల్లని కొట్లు, వేలకొలది సీసాలు కావలెను. సరుకు అమ్ముడగువరకు ఏడాదికి పైగా పెట్టుబడి నిలిచిపోవును. చిన్నరైతు ఒంటరిగా దీనిని మోయలేడు. అందుచేత సహకారసంఘములు ముందునకు వచ్చినవి. లిమూలో 1946లో సంఘ మేర్పడెను. బర్గండీలో ఓసేర్ పట్టణ సమీపమున, బాయీ గ్రామపు రైతులు 1972లో సంఘము పెట్టి, విడిచిపెట్టిన పాత రాతిగనిని కొట్టుగా చేసికొనిరి. భూగర్భమున సంవత్సరమంతయు చల్లదన మొకేరీతి నుండును. సీసాలు నిలువజేయుటకు అంతకంటె తగిన చోటేది? చట్టము వచ్చుటకు మూడేండ్లు ముందే వారు కూడుకొనుట గమనింపదగినది.

నేటికిని క్రెమాన్ సాధారణముగా షాంపేన్ కంటె చాల తక్కువ ధరకే అమ్ముడగును. పేరు విడిచినందుకు చెల్లించిన వెల యిది. కాని తమ పంట తమ సీమ పేరిటనే బజారున నిలిచినది.

మన దేశమునను భౌగోళిక గుర్తుల చట్టము 1999లో వచ్చి, 2003లో అమలులోనికి వచ్చెను. బనగానపల్లె మామిడికి 2017లో ఆ గుర్తు లభించినది. గుర్తు కాగితముమీద నుండిన చాలదు. పచ్చికాయను కోసి పండించి ఆ పేరుతో అమ్మువాడు మనలో నొకడైనచో, పేరు చెడగొట్టుటకు పరాయివాడు రానక్కరలేదు. ఎప్పుడు కోయవలెనో, ఏది బుట్టలోనికి రాకూడదో సంఘమే నిర్ణయించి, సభ్యులందరు దానికి కట్టుబడినప్పుడే ఆ పేరు ధర పలుకును.