వెనుక బ్రేకు ప్యాడ్లు మనమే మార్చుకుంటే...

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ నదికి దగ్గరగా ఉన్న పేట భుయ్యాడీహ్. 1912లో తొలి ఉక్కు దిమ్మె తయారైన ఆ నగరానికి పని కోసం వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. అక్కడైనా, మన ఊళ్ళోనైనా వర్షాకాలంలో మోటారు సైకిలు వెనుక చక్రానికి బురద, ఇసుక తప్పవు. ఆ ఇసుక ప్యాడ్లకూ, డిస్కుకూ మధ్య చేరితే రెండూ త్వరగా అరిగిపోతాయి.

బ్రేకు వేస్తే ఏమవుతుంది?

బండి, మనిషి కలిసి 200 కిలోలు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో వాటి గతిజశక్తి దాదాపు 28,000 జౌళ్ళు. ఒక చిన్న గ్లాసెడు (100 మి.లీ.) నీటిని 30 డిగ్రీల నుంచి 96 డిగ్రీల దాకా వేడిచేయటానికి ఆ శక్తి చాలు! బండి ఆగేటప్పుడు అందులో ఎక్కువ భాగం ఘర్షణ వల్ల ఉష్ణంగా మారుతుంది. ఆ పనిలో కొంచెం కొంచెంగా కరిగిపోయేది ప్యాడ్.

పెడల్ తొక్కితే ద్రవంలో పుట్టిన పీడనం పాస్కల్ సూత్రం ప్రకారం కాలిపర్‌లోని పిస్టన్‌కు చేరి, ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది. దాని వెనుక ఖాళీని ద్రవం నింపుతుంది. అందుకే ట్యాంకులో మట్టం తగ్గుతుంది. మట్టం తగ్గగానే ద్రవం పోసేయకండి. ముందు ప్యాడ్ల మందం చూడండి. గాడి మాసిపోయినా, కంపెనీ పుస్తకంలో చెప్పిన హద్దు దాటినా మార్చాల్సిందే.

మార్చే పద్ధతి

బండిని స్టాండు మీద గట్టిగా నిలిపి, డిస్కు చల్లారనివ్వండి. ధూళిని నోటితో ఊదకండి; తడిగుడ్డతో తుడవండి. ప్యాడ్ పిన్ను విప్పి, పాతవాటిని ఏ వరుసలో తీశారో గుర్తుంచుకోండి. పిస్టన్‌ను నెమ్మదిగా లోపలికి నెట్టండి. అప్పుడు ద్రవం ట్యాంకులోకి తిరిగి వస్తుంది. మధ్యలో ఎప్పుడైనా ద్రవం పోసి ఉంటే అది పొర్లుతుంది. రంగు మీద పడితే రంగు ఊడిపోతుంది. కొత్త ప్యాడ్లకూ, డిస్కుకూ నూనె, గ్రీజు అంటనివ్వకండి. పిన్నును పుస్తకంలో చెప్పినంత బిగించండి.

మరచిపోరాని సంగతి

ఇప్పుడు పిస్టన్ ప్యాడ్‌కు దూరంగా ఉంది. పెడల్ ఒక్కసారి తొక్కితే పంపగల ద్రవం కొంచెమే. అది ఆ ఖాళీని పూరించటానికే సరిపోతుంది. ఫలితం? పెడల్ చివరిదాకా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు! అందుకే బండి ఎక్కకముందే పెడల్ గట్టిపడే దాకా పదేపదే తొక్కాలి. ఎంత తొక్కినా మెత్తగానే ఉంటే, గొట్టంలో గాలి చేరిందన్నమాట. గాలి నలుగుతుంది, ద్రవం నలగదు. అప్పుడు మెకానిక్‌కు చూపించకుండా బండి తీయకూడదు.

కొత్త ప్యాడ్లు డిస్కుతో పూర్తిగా ఒరుసుకొనే దాకా పట్టు తక్కువగా ఉంటుంది. మొదట్లో ఖాళీ రోడ్డు మీద, నెమ్మదిగా వెళ్తూ, మెల్లమెల్లగా బ్రేకు వేసి అలవాటు చేయండి.