మాట్లాడే మోటారు: తయారీదారుపై కొత్త బాధ్యత

వ్యవసాయానికి విద్యుత్తు వంతులవారీగా, అందునా తరచు రాత్రివేళల్లో సరఫరా అయిన కాలంలో, తెలుగునాట బోరుబావి గల రైతులెందరికో ఒక అనుభవం ఉన్నది. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చేదాకా మేలుకొని ఉండి, చేత టార్చిలైటు పట్టుకొని, గట్ల వెంట నడిచి పొలానికి పోయి స్టార్టరు మీట నొక్కి రావాలి. ఆ దారిలో పాముకాటుకు బలియైన వారున్నారు. తడిచేతితో స్టార్టరు పెట్టెను తాకి, విద్యుద్ఘాతంతో ప్రాణాలు విడిచిన వారున్నారు. ఆ మోటారును తయారుచేసిన కర్మాగారానికి మాత్రం ఈ సంగతులేవీ తెలిసే మార్గం లేకపోయింది. సరుకు అమ్ముడుపోయిన నాటితో యంత్రానికీ, దానిని సృష్టించినవానికీ గల సంబంధం తెగిపోయేది. మోటారు ఎందుకు కాలిందో వైండింగు దుకాణంలోని మెకానిక్కుకు తెలిసేది గాని తయారీదారుకు తెలిసేది కాదు.

అమ్మకంతో తెగిపోయిన ఈ సంబంధాన్ని మళ్లీ ముడివేయగల సాధనం నేడు మన పారిశ్రామికులకు అందుబాటులో ఉన్నది. యంత్రాలు తమ స్థితిగతులను తామే గ్రహించి, దూరాన ఉన్న మనుషులకూ, ఇతర యంత్రాలకూ తెలియజేసే ఏర్పాటు ఇది. బ్రిటిష్ సాంకేతికుడు కెవిన్ ఆష్టన్ 1999లో దీనికి ‘ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్’ అని పేరు పెట్టాడు. ఆలోచన మాత్రం అంతకంటె పాతది. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కొందరు ఒక శీతల పానీయాల యంత్రాన్ని కంప్యూటరుకు కలిపారు. యంత్రం మీద వెలిగే దీపాలను బట్టి ఏ అరలో సీసాలున్నవో, అవి చల్లబడి ఎంతసేపయిందో తమ గదిలో కూర్చునే తెలుసుకొనేవారు. అంతదూరం నడిచి వెళ్లి, ఖాళీ యంత్రాన్ని చూసి తిరిగి రాకుండా ఉండాలన్నదే వారి కోరిక.

పానీయం కోసం నడిచిన విద్యార్థికీ, నీటి కోసం నడిచిన రైతుకూ అవసరం ఒక్కటే. కాని రైతు నడకలో ప్రాణభయం ఉన్నది.

ఎరుక లేని స్వయంచాలనం

రైతు కష్టానికి బజారులో మొదట దొరికిన పరిష్కారం ఆటో స్టార్టరు. కరెంటు రాగానే మోటారును తనంతట తానే నడిపించే చిన్న పరికరమిది. దీనితో రాత్రి నడక తప్పింది. అయితే కొత్త చిక్కులు వచ్చిపడ్డాయి. మడి తడిసిందో లేదో, బోరులో నీరున్నదో లేదో ఆ పరికరానికి తెలియదు. కరెంటు వచ్చిన క్షణాన ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఒక్కసారిగా తిరగడం మొదలుపెడితే ఆ భారమంతా దాని మీద పడేది. అవసరం తీరిన తరువాత కూడా నీరు వృథాగా పారేది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు ఇవ్వ సంకల్పించినప్పుడు, భూగర్భజలం అడుగంటిపోకుండా ఆటో స్టార్టర్లను తొలగించవలసిందిగా ప్రభుత్వమే రైతులకు విజ్ఞప్తి చేయవలసి వచ్చింది.

యంత్రాలు తయారుచేసే ప్రతివారూ ఇందులో గ్రహించవలసిన పాఠం ఉన్నది. చేతిపనిని యంత్రానికి అప్పగించడం వేరు, ఆ పనికి కావలసిన ఎరుకను అప్పగించడం వేరు.

ఆ ఎరుక వైపు తొలి అడుగులు వేసిన వారిలో పుణెకు చెందిన ఇంజనీరు సంతోష్ ఓస్త్‌వాల్ ఒకరు. వృద్ధుడైన తన తాతగారు మోటారు వేయడానికి రాత్రిపూట పొలానికి నడిచి వెళ్లడం చూసిన ఆయన, సెల్‌ఫోనుతో పంపును నడిపే ‘నానో గణేష్’ అనే పరికరాన్ని రూపొందించారు. పొలంలో కరెంటు ఉన్నదీ లేనిదీ రైతు ఇంటి నుండే తెలుసుకొని, కావలసినప్పుడు మోటారును నడపవచ్చు, ఆపవచ్చు. నోకియా సంస్థ నిర్వహించిన అంతర్జాతీయ పోటీలో 2009లో ఇది బహుమతి పొందింది. మోటారును మార్చవలసిన పని లేకుండా, ఉన్న స్టార్టరుకే దీనిని తగిలించవచ్చుననేది గమనించదగిన విషయం.

యంత్రానికి నాడి

అనుసంధాన యంత్రంలో ప్రధానంగా నాలుగు అంగాలుంటాయి. స్థితిని గ్రహించే సెన్సరు మొదటిది. ఆ సమాచారాన్ని బట్టి నిర్ణయం తీసుకొనే చిన్న కంప్యూటరు, అనగా మైక్రోకంట్రోలరు, రెండవది. వార్తను మోసుకుపోయే రేడియో సాధనం మూడవది. వార్తలను భద్రపరచి రైతు ఫోనుకు చేరవేసే సర్వరు నాల్గవది.

వైద్యుడు నాడి పట్టి రోగిని పరీక్షించినట్లే, మోటారు తీసుకొనే కరెంటును కొలిచి దాని ఆరోగ్యాన్ని చాలావరకు చెప్పవచ్చు. బోరులో నీరు తగ్గి పంపు ఖాళీగా తిరిగితే మోటారుపై భారం తగ్గి కరెంటు పడిపోతుంది. మూడు ఫేజులలో ఒకటి పోతే మిగిలిన వాటిలో కరెంటు పెరిగి వైండింగు వేడెక్కుతుంది. వోల్టేజి బాగా తగ్గినా అదే ప్రమాదం. ఈ లక్షణాలను గుర్తించి మోటారును తక్షణం ఆపివేస్తే రైతుకు రివైండింగు ఖర్చూ, పంట ఎండే కాలంలో కలిగే నిరీక్షణా రెండూ తప్పుతాయి.

పరిశ్రమ వేయవలసిన అడుగులు

పంపుల తయారీకి పేరెన్నికగన్న కోయంబత్తూరు, రాజ్‌కోట్ వంటి పట్టణాలలో చిన్న పరిశ్రమలు అనేకం. ఇంత సాంకేతిక విజ్ఞానం మావల్ల అయ్యేదేనా అని వారికి సందేహం కలగడం సహజం. కాని అంతా సొంతంగా తయారుచేసుకోవలసిన అవసరం లేదు. వై-ఫై సౌకర్యం గల ఈఎస్‌పీ8266 వంటి చవకైన చిప్పులు 2014 నుండి లభిస్తున్నాయి. యంత్రం పంపే చిన్న చిన్న వార్తలకు అనువైన ‘ఎమ్‌క్యూటీటీ’ అనే సంభాషణా పద్ధతిని 1999లోనే చమురు గొట్టపు మార్గాల పర్యవేక్షణ కోసం రూపొందించారు. నేడు దానిని ఎవరైనా వాడుకోవచ్చు. సెల్‌ఫోను సంకేతం అందని పొలాల్లో, లైసెన్సు అక్కరలేని 865–867 మెగాహెర్ట్జ్ తరంగాలపై పనిచేసే ‘లోరా’ రేడియో ఉపయోగపడుతుంది.

సాధనాలు ఎంచుకొనడానికి ముందు తయారీదారు ఒక ప్రశ్న వేసుకోవాలి. కొన్నవారికి నా యంత్రం వల్ల కలుగుతున్న కష్టం ఏది? ఆ ఒక్క కష్టం తీరేలా మొదటి నమూనా తయారుచేసి, కొద్దిమంది రైతుల పొలాల్లో ఒక వేసవీ, ఒక వానాకాలమూ నడిపి చూడాలి. ఎండకు పెట్టె లోపలి భాగాలు తట్టుకొంటున్నాయా, వానకు తడి దిగుతున్నదా, చీమలూ బల్లులూ దూరుతున్నాయా అనే విషయాలు ప్రయోగశాలలో తేలేవి కావు.

రెండవ సూత్రం మరింత ముఖ్యమైనది. రక్షణకు సంబంధించిన నిర్ణయం మోటారు దగ్గరే జరగాలి. సంకేతం అందకపోయినా, సర్వరు ఆగిపోయినా, నీరు లేనప్పుడు మోటారు ఆగి తీరాలి. స్టార్టరుపై చేతిమీట ఎప్పుడూ పనిచేయాలి. ఎక్కడో ఉన్న కంప్యూటరు పలికితే తప్ప పొలానికి నీరు పారని యంత్రాన్ని రైతుకు అంటగట్టడం అన్యాయం.

మూడవది, ఫోనులో కనిపించే మాటలు తెలుగులోనో, ఆ రైతు మాట్లాడే మరో భాషలోనో ఉండాలి. చదువురాని వారికి కంఠస్వరంతోనే చెప్పే ఏర్పాటు ఉండాలి.

సౌర విద్యుత్ పంపుల కోసం 2019లో ప్రారంభమైన పీఎం–కుసుమ్ పథకంలో దూర పర్యవేక్షణ సౌకర్యం నిబంధనలలో భాగమైంది. కనుక పంపుల పరిశ్రమకు ఈ విద్య ఇక ముచ్చట కోసం నేర్చుకొనేది కాదు.

తాళం లేని తలుపు

వార్త బయటకు పోయే దారి ఉన్నచోట దొంగ లోపలికి వచ్చే దారి కూడా ఉంటుంది. 2016లో ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రాము ఇంటర్నెట్టుకు కలిపిన నిఘా కెమెరాల వంటి పరికరాలను పెద్దసంఖ్యలో వశపరచుకొన్నది. ఆ ఏడాది అక్టోబరులో వాటి సాయంతో జరిగిన దాడి వల్ల ప్రసిద్ధమైన అనేక వెబ్‌సైట్లు గంటల తరబడి స్తంభించాయి. దాడి చేసినవారికి మహా మేధస్సు అవసరం కాలేదు. కర్మాగారంలో అన్ని పరికరాలకూ పెట్టిన ఒకే రకం సంకేతపదాలు మారకుండా ఉండిపోవడమే వారికి కలిసివచ్చింది. అంతకు ముందు 2015లో ఇద్దరు పరిశోధకులు దూరం నుండే ఒక జీప్ కారును అదుపులోకి తీసుకొని చూపగా, సుమారు 14 లక్షల వాహనాలను సరిదిద్దడానికి ఆ కంపెనీ వెనక్కి పిలవవలసి వచ్చింది.

ఒక ప్రాంతంలోని మోటార్లన్నింటినీ ఎవరో ఒకేసారి నడిపితే ఏమవుతుందో ఆటో స్టార్టర్ల ఉదంతం ముందే చెప్పింది. అందుచేత ప్రతి పరికరానికీ వేరు సంకేతపదం, రహస్య లిపిలో వార్తల రవాణా, లోపం బయటపడితే దూరం నుండే సరిదిద్దే వీలు మొదటి నమూనా నుండే ఉండాలి.

అమ్మకంతో ముగియని బాధ్యత

1962లో బ్రిటన్‌కు చెందిన బ్రిస్టల్ సిడ్లీ సంస్థ తన విమాన ఇంజన్లకు ఒక కొత్త పద్ధతి ప్రవేశపెట్టింది. ఇంజను ఎగిరిన ప్రతి గంటకూ ఇంత అని రుసుము తీసుకొని, దాని మరమ్మతుల బాధ్యత తానే వహించింది. ఇంజను చక్కగా పనిచేసినంత కాలమే సంస్థకు లాభం. మోటారు క్షేమం దూరాన ఉండి తెలుసుకోగలిగిన నాడు పంపుల తయారీదారు కూడా ఇటువంటి ఒడంబడికకు సిద్ధపడవచ్చు.

అయితే ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉన్నది. ఇళ్లలోని దీపాలనూ, తాళాలనూ ఫోనుతో నడిపే ‘రివాల్వ్’ అనే పరికరానికి 2016లో సర్వరు నిలిపివేశారు. డబ్బిచ్చి కొన్నవారి ఇళ్లలో ఆ పెట్టె ఒక్కరోజులో నిరుపయోగమైంది. మోటారు ఏళ్ల తరబడి మన్నవలసిన వస్తువు. సర్వరు ఎన్నేళ్లు నడుపుతారో, ఆ తరువాత ఏమి చేస్తారో అమ్మకం రశీదులోనే చెప్పడం తయారీదారు ధర్మం.

అదేవిధంగా, రైతు ఎప్పుడు నీరు పెట్టాడు, అతని బోరు ఎప్పుడు ఎండింది అనే సమాచారం రైతుది. అప్పులిచ్చేవారికీ, ఎరువులమ్మేవారికీ దాని విలువ తెలుసు. వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం అక్షరాన్ని మించి, అడగకుండా రైతు సంగతి ఇతరులకు చెప్పరాదనే మర్యాదను పరిశ్రమ పాటించాలి.

యంత్రానికి నోరు వచ్చిన తరువాత తయారీదారుకు చెవులు ఉండక తప్పదు. మోటారు కాలిపోయే ముందు అది చెప్పే మాట విని సకాలంలో స్పందించిన కర్మాగారమే ఈ విద్యను నిజంగా నేర్చుకొన్నట్లు. ఆనాడు రైతు పొలానికి నడిచి వెళితే అది తెల్లవారిన తరువాత, పైరును చూసుకొనడానికి కావాలి.