బాల్వాడీలో మాట్లాడని బిడ్డ: ఉపాధ్యాయినికి శిక్షణ ఏమి నేర్పుతుంది, మనమేమి చెప్పాలి

సత్తువాచారిలోను, వేలూరు నగరంలోని ఇతర ప్రాంతాలలోను స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలలో చాలామంది తొలిసారిగా తమిళం మధ్య గంటల తరబడి గడిపే చోటు అంగన్‌వాడీ కేంద్రం. మన వీధులలో దానిని బాల్వాడీ అనే అంటారు. ఉపాధ్యాయిని ‘ఇంగే వా’ అని పిలుస్తుంది. ‘రా’ అన్న మాట తప్ప ఎరుగని బిడ్డ కదలదు. ‘ఇల్లై’ అంటే ఇల్లు అనుకొని గుమ్మం వైపు చూడవచ్చు కూడా. కొన్ని వారాలు గడిచినా ఆ బిడ్డ నోరు విప్పకపోతే ఆమె ఏమని భావించాలి?

ఆ మౌనానికి కొత్త భాష ఒక కారణం కావచ్చు. వినికిడి లోపమో, మాటల ఎదుగుదలలో ఆలస్యమో, ఆటిజమో కూడా కారణం కావచ్చు. భాషాభేదాన్ని లోపంగా పొరబడితే కుటుంబానికి కొంతకాలం అనవసరమైన ఆందోళన కలుగుతుంది. లోపాన్ని ‘తెలుగు బిడ్డ కదా, అలవాటు కావాలి’ అని సరిపెట్టుకుంటే చికిత్సకు మిక్కిలి అనుకూలమైన సంవత్సరాలు చేజారిపోతాయి. ఈ రెండవ పొరపాటే ఎక్కువ హాని చేస్తుంది. పైగా అది మంచి మనసుతోనే జరుగుతుంది.

ఈ తేడాను గుర్తించే దృష్టిని ఉపాధ్యాయినికి కలిగించడం పూర్వప్రాథమిక శిక్షణలో ముఖ్యభాగం. పరిశీలించవలసినవి భాషకు అతీతమైన గుర్తులు: పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నదా, కావలసిన వస్తువును వేలితో చూపుతున్నదా, తోటి పిల్లల చేష్టలను అనుకరిస్తున్నదా, వెనుక చప్పుడైతే ఉలికిపడుతున్నదా. వీటితోపాటు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: ‘ఇంట్లో తెలుగులో ఎలా మాట్లాడుతున్నది?’ నిజమైన ఆలస్యం ఉంటే అది ఇంటి భాషలో కూడా కనబడుతుంది. రెండేళ్ళు నిండేసరికి పిల్లలు సాధారణంగా రెండు మాటలు కలిపి పలుకుతారు; ‘అమ్మా, పాలు’ వంటివి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. అందువల్ల ఇంట్లో తెలుగు మానివేయమని ఎవరైనా సలహా ఇస్తే పాటించనక్కరలేదు.

అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ద్వారా ఏర్పడ్డాయి. తొలినుండి అక్కడ పౌష్టికాహారానికే ప్రాధాన్యం, విద్య వెనుకబడింది. 2023 మే నెలలో ప్రారంభమైన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం కార్యకర్తలకు మూడు రోజుల ప్రత్యక్ష శిక్షణను ఏర్పాటు చేసింది. అదే సంవత్సరం నవంబరు 28న కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్‌ను విడుదల చేసింది. తొలి సంకేతాలను గుర్తించడం, బిడ్డను అందరితో కలుపుకొని కుటుంబానికి ధైర్యమివ్వడం, ఆరోగ్య సిబ్బంది ద్వారా తగిన చోటికి పంపడం అనేవి అందులోని మూడు మెట్లు. రోగనిర్ధారణ ఉపాధ్యాయిని పని కాదు. ఆమె బిడ్డకు ఏ పేరూ పెట్టకూడదు.

మూడు రోజులలో కన్ను తెరుచుకుంటుంది గాని, చేయి తిరగదు. వినికిడి తక్కువైన బిడ్డను తన ముఖం కనబడేలా ఎదుట కూర్చోబెట్టడం, పలక బలపానికి గుడ్డ చుట్టి పట్టు కుదిర్చడం, చేతులు కడిగే పనిని నాలుగు బొమ్మలుగా గోడపై అంటించడం వంటివి పిల్లల మధ్య చేస్తూ నేర్చుకోవలసినవి. జాతీయ విద్యావిధానం 2020 ఈ అవసరాన్ని కొంత గుర్తించింది. ఇంటర్మీడియట్, ఆపై చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ శిక్షణను, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమాను సూచించింది.

అనుమానం కలిగినప్పుడు దారి దగ్గరలోనే ఉన్నది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుండి సంచార వైద్యబృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపవలసి ఉన్నది. ఆ బృందం ఎప్పుడు వస్తుందో ఉపాధ్యాయినిని ముందుగా అడిగి, ఆనాడు బిడ్డను తప్పక పంపండి. మన నగరంలోని సి.ఎం.సి. ఆసుపత్రిలో శిశువుల ఎదుగుదలకు ప్రత్యేక విభాగమున్నది. బాగాయంలోని ‘నంబిక్కై నిలయం’లో బిడ్డతోపాటు తల్లిదండ్రులకు కూడా శిక్షణ ఇస్తారు.

చేర్పించే రోజున ఒక కాగితం తీసుకొని వెళ్ళండి. బిడ్డ ఇంట్లో పలికే ఇరవై మాటలను తమిళ లిపిలో రాయించి, పక్కన తమిళ అర్థం చేర్చండి: నీళ్ళు అంటే తణ్ణీర్, నొప్పి అంటే వలి, వద్దు అంటే వేండాం. బిడ్డ మాటలు పలకకుండా సైగలే చేస్తుంటే ఆ సంగతి కూడా దాచకుండా రాయండి. మూడు నెలల తరువాత ఉపాధ్యాయినితో కలిసి ఆ కాగితాన్ని మళ్ళీ చూసి, తెలుగులో గాని తమిళంలో గాని కొత్తగా చేరిన మాటలను గుర్తించండి. ఏ భాషలోనూ ఒక్కటైనా చేరకపోతే వైద్యబృందం రాక కోసం ఆగకండి.