రోగం నిజమే, హద్దు తప్పు

1900 మార్చి 6న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని చైనాటౌన్‌లో ఒక హోటల్ నేలమాళిగలో ఓ చైనా కూలీ చనిపోయి కనిపించాడు. గజ్జల్లో బిళ్లలు కట్టి ఉన్నాయి. ఆ బిళ్లలోని రసాన్ని సూక్ష్మదర్శిని కింద చూసిన నగర బ్యాక్టీరియాలజిస్టు అది ప్లేగేమోనని అనుమానించాడు. తెల్లారేసరికల్లా నగర ఆరోగ్య బోర్డు చైనాటౌన్ చుట్టూ తాళ్లు కట్టించి పోలీసులను కాపలా పెట్టింది. లోపల చిక్కుకున్న తెల్లవాళ్లను బయటికి పోనిచ్చారు, చైనా వాళ్లను మాత్రం కదలనివ్వలేదు. ఆ తర్వాత జరిపిన పరీక్షల్లో అది ప్లేగేనని తేలింది. బోర్డు రోగాన్ని సరిగ్గానే పట్టుకుంది. అయినా అది ఇచ్చిన ఉత్తర్వులను ఫెడరల్ కోర్టు రెండుసార్లు కొట్టేసింది. మంచి పని చేసిందని నా అభిప్రాయం. రోగ నిర్ధారణ సరైనదైనంత మాత్రాన దాని పేరుతో ఇచ్చే ప్రతి ఉత్తర్వూ సరైనది కాదు. మనిషి ఏ జాతివాడో చూసి గీసిన హద్దు అన్యాయం చేయడంతోనే ఆగదు, రోగాన్ని అదుపు చేసే పనినీ చెడగొడుతుంది.

బోర్డు భయపడటంలో తప్పేమీ లేదు. ప్లేగు 1894లో హాంకాంగ్‌ను, 1896లో బొంబాయిని పట్టుకుంది. ఓడల వెంట రేవు నుంచి రేవుకు పాకి ఖండాలు దాటింది. ఒక్క భారతదేశంలోనే ఆ విడత ప్లేగు కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. పసిఫిక్ తీరంలో ఆసియా ఓడలు ఆగే పెద్ద రేవు శాన్‌ఫ్రాన్సిస్కో, కాబట్టి అక్కడి వైద్యులు ముందే కాచుకుని ఉన్నారు. తొలి అనుమానానికే కదలడం మెచ్చుకోదగిన విషయం. కానీ వర్తకులు, చైనా సంఘాల వాళ్లు గొడవ చేయగానే, పరీక్ష ఫలితం రాకముందే, రెండున్నర రోజులకు ఆ తాళ్లు విప్పేశారు. ఏంజెల్ ద్వీపంలో ఫెడరల్ వైద్యాధికారి జోసెఫ్ కిన్యూన్ ఆ బిళ్లల రసం ఎక్కించిన జంతువులు ఆ తర్వాతే చచ్చాయి. కట్టినప్పుడు ఎందుకు కట్టారో, విప్పినప్పుడు ఎందుకు విప్పారో బోర్డు జనానికి విప్పి చెప్పలేదు. నమ్మకం అక్కడే దెబ్బతింది.

మే నెలలో బోర్డు మరో అడుగు వేసింది. బొంబాయిలో 1897లో వాల్డెమార్ హాఫ్కిన్ తయారుచేసిన ప్లేగు టీకాను చైనా వాళ్లందరికీ వేయాలని, టీకా వేయించుకున్నట్టు కాగితం లేనివాళ్లను నగరం దాటనివ్వకూడదని తీర్మానించింది. ఆ టీకాతో జ్వరం, ఒళ్లు నొప్పులు గట్టిగానే వచ్చేవి. జనం దుకాణాలు మూసేసి తలుపులు బిగించుకున్నారు. ఆ ఉత్తర్వు మీద వేసిన కేసు ఫెడరల్ జడ్జి విలియం మారో ముందుకొచ్చింది. చైనా జాతివాళ్లకు ప్లేగు ఎక్కువగా సోకుతుందనడానికి ఆధారమేదని ఆయన అడిగాడు. బోర్డు దగ్గర జవాబు లేదు. నగరం విడిచి వెళ్లేవాడికి అప్పటికే రోగం సోకి ఉండొచ్చని అనుమానిస్తే, సోకకముందు వేయాల్సిన టీకాను అతనికి వేయడమేమిటన్నది ఇంకో ప్రశ్న. రెండూ వైద్యశాస్త్రం అడిగే ప్రశ్నలే. జడ్జి అడగడానికి ముందు బోర్డులోని డాక్టర్లే తమకు తాము వేసుకోవాల్సింది. మే 28న ఆ ఉత్తర్వు పోయింది.

వెంటనే బోర్డు మళ్లీ దిగ్బంధం విధించింది. ఈసారి పన్నెండు బ్లాకులు, పదివేల మందికి పైగా జనం. స్టాక్టన్ వీధిలో కిరాణా కొట్టు నడుపుకునే జ్యూ హో అనే వ్యాపారి కోర్టుకెక్కాడు. ఆ కేసులో బయటపడ్డ వివరాలు తాపీగా చదవదగ్గవి. దిగ్బంధం గీత వీధి వెంట తిన్నగా పోలేదు. ఒకే బ్లాకులో చైనా వాళ్ల కొట్టును లోపలికి తోసి, ఆ పక్కనే ఉన్న ఇతరుల ఇళ్లను, దుకాణాలను బయట వదిలేస్తూ మలుపులు తిరిగింది. రెండు కొట్లకూ గోడ ఒకటే. గోడకు ఇటు ఉన్నవాడు బందీ, అటు ఉన్నవాడు స్వేచ్ఛగా తిరుగుతున్నాడు. జూన్ 15న మారో ఈ దిగ్బంధాన్ని కూడా ఎత్తేశాడు. చైనా వాళ్ల మీదే అమలవుతోంది కనుక చెల్లదన్నాడు. దానితోపాటు ఇంకో మాట కూడా చెప్పాడు: ప్లేగు నిజంగా ఉంటే రోగి ఉన్న ఇంటిని వేరు చేయాలి గాని, రోగం ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ కలిపి వేలమందిని ఒకచోట కుక్కితే అంటు పెరుగుతుంది తప్ప తగ్గదు. ఈ రెండో మాటకు రావలసినంత పేరు రాలేదు.

ఎలుకల సంగతి తెలిస్తే ఆ మాటకు ఎంత బలముందో అర్థమవుతుంది. ప్లేగు ఎలుకల ఒంటి మీది గోమార్ల ద్వారా సోకుతుందని 1898లోనే పాల్ లూయీ సిమాన్ రాశాడు. కరాచీలో చేసిన ప్రయోగంతో ఆయన ఆ నిర్ణయానికి వచ్చాడు. చాలామంది అప్పట్లో నమ్మలేదు. కొన్నేళ్ల తర్వాత బొంబాయిలో జరిగిన పరిశోధనలు ఆ సంగతిని రుజువు చేశాయి. ఎలుక నేలమాళిగల్లోంచి, మురుగు కాలువల్లోంచి పోతుంది. స్టాక్టన్ వీధిలో ఏ కొట్టు ఎవరిదో దానికి పట్టదు.

ప్రాణాలు పోతున్న వేళ హక్కులంటూ కూర్చుంటే ఎలా అని కొందరు అడుగుతారు. తోసిపారేయదగ్గ ప్రశ్న కాదిది. అయితే ఎవరూ అడ్డుచెప్పని బోర్డు ఎలా ఉంటుందో అదే 1900లో హోనోలులులో కనిపించింది. అక్కడ ముగ్గురు డాక్టర్ల చేతికి పూర్తి అధికారం అప్పగించారు. రోగం ఉన్న ఇళ్లను తగలబెట్టించడం వాళ్ల పద్ధతి. జనవరి 20న అలా పెట్టిన మంట గాలి మళ్లి ఒక చర్చి శిఖరానికి అంటుకుంది. అక్కడి నుంచి చైనాటౌన్‌లో చాలా భాగం బూడిదైంది. వేలమంది నిలువ నీడ లేకుండా పోయారు. ఈ వార్త శాన్‌ఫ్రాన్సిస్కో చైనా వాళ్లకు చేరింది. రెండు నెలలు తిరక్కుండానే తమ వీధుల చుట్టూ తాళ్లు కనబడితే వాళ్లకు ఏం తోచి ఉంటుంది? రోగులను దాచారు, శవాలను గుట్టుగా తరలించారు. రోగి ఎక్కడున్నాడో తెలియడం మీదే అంటువ్యాధి అదుపు ఆధారపడి ఉంటుంది. భయపెట్టిన బోర్డు ఆ సమాచారాన్ని చేతులారా పోగొట్టుకుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది. కోర్టు తీర్పులు అబద్ధాలకోర్లకు బలమిచ్చాయి కదా అన్నది. నిజమే, ఇచ్చాయి. వ్యాపారం పాడవుతుందన్న భయంతో కాలిఫోర్నియా గవర్నర్ హెన్రీ గేజ్ అసలు ప్లేగే లేదని వాదించాడు. శవాల్లోకి క్రిములు ఎక్కించారన్న అనుమానాన్ని కిన్యూన్ మీద రుద్దేదాకా పోయాడు. 1901 ఆరంభంలో ముగ్గురు నిపుణుల ఫెడరల్ కమిషన్ ప్లేగు ఉందని తేల్చినా ఆ నివేదికను తొక్కిపట్టారు, కిన్యూన్‌ను డెట్రాయిట్‌కు బదిలీ చేశారు. ఈ నష్టం చిన్నది కాదు. కానీ ఆ ఆయుధాన్ని గేజ్ చేతికి అందించింది ఎవరు? ప్లేగు లేదని జడ్జి తీర్పు చెప్పలేదు. రోగం ఉందో లేదో తేల్చే పని పెట్టుకోకుండానే, ఉత్తర్వు పక్షపాతంతో కూడినదని మాత్రం అన్నాడు. తెల్లవాడి ఇంటినీ చైనావాడి ఇంటినీ ఒకే కొలతతో చూసి ఉంటే ఆ ఉత్తర్వును కోర్టులో నిలబెట్టడం బోర్డుకు సాధ్యమయ్యేది, అప్పుడు గవర్నర్‌కు చాటుకు వెళ్లే చోటు దొరికేది కాదు.

తర్వాత జరిగినది చూస్తే ఈ మాట గట్టిపడుతుంది. 1903లో వైద్యుడైన జార్జ్ పార్డీ గవర్నర్ అయ్యాడు, పరిస్థితి మారింది. ఫెడరల్ వైద్యాధికారి రూపర్ట్ బ్లూ ఆధ్వర్యంలో ఇళ్లు శుభ్రం చేయడం, నేలమాళిగలకు సిమెంటు వేయడం మీద దృష్టి పెట్టారు. 1904 నాటికి ఆ విడత 121 కేసులతో ముగిసింది. రోగుల్లో అత్యధికులు బతకలేదు. నగరంలో వచ్చిన భూకంపం తర్వాత 1907లో ప్లేగు తిరిగి వచ్చినప్పుడు రోగుల్లో ఎక్కువమంది తెల్లవాళ్లే. ఈసారి బ్లూ మనుషుల చుట్టూ తాళ్లు కట్టలేదు. ఫిల్‌మోర్ వీధిలో ప్రయోగశాల పెట్టి, ఊరంతటి నుంచి పట్టి తెచ్చిన ఎలుకలను చెక్కల మీద మేకులతో బిగించి కోసి చూపించాడు. నగర పౌరులే కమిటీ వేసుకుని ఎలుకల వేటకు దిగారు. ఆ విడతలో దాదాపు 160 మందికి సోకితే చనిపోయినవాళ్లు సుమారు సగం మంది. వైద్యం పెద్దగా మారలేదు. రోగులు దాక్కోకుండా వైద్యుల కంటికి త్వరగా కనబడటం ఈ తేడాకు ఒక ముఖ్య కారణమని నేను నమ్ముతాను.

ఇదంతా చదివి ఆరోగ్య బోర్డులకు అధికారమే ఉండకూడదని ఎవరైనా అంటే ఒప్పుకోను. 1902లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ ఆరోగ్య బోర్డు మశూచి టీకాను అందరికీ తప్పనిసరి చేసింది. కాదన్నవాళ్లకు 5 డాలర్ల జరిమానా. హెన్నింగ్ జాకబ్సన్ అనే పాస్టర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1905లో కోర్టు బోర్డు వైపే నిలిచింది. అయితే ఉత్తర్వు అవసరాన్ని మించిపోతే, జనాన్ని అడ్డూఆపూ లేకుండా అణచివేస్తే జోక్యం చేసుకుంటామని కూడా చెప్పింది. ఊరందరికీ ఒకేలా వర్తించిన ఉత్తర్వు నిలబడింది, ఒక జాతి చుట్టూ గీసిన గీత నిలబడలేదు.

మన చట్టం పుట్టుకకూ ఆ ప్లేగే కారణం. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. పుణెలో సైనికులు ఇళ్లలోకి చొరబడి సోదాలు చేశారు, ఆ కోపం ప్లేగు కమిషనర్ రాండ్ హత్య దాకా వెళ్లింది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కోవిడ్ నిబంధనలు తెచ్చింది ఆ చట్టం కిందే. అదే ఏడాది పరీక్షలు పెంచమని, లెక్కలు సరిగ్గా బయటపెట్టమని తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని పదేపదే నిలదీసింది. అప్పుడూ కోర్టులు అడ్డుపడుతున్నాయన్న మాట వినిపించింది. కానీ కోర్టు అడిగింది రోగం ఎక్కడుందో కనిపెట్టమనే. 1897 చట్టం అధికారికి రక్షణ ఇస్తుంది. ఏ ఆధారంతో వీధి మూశారో, ఎన్నాళ్లు మూస్తారో, తప్పు జరిగితే ఎవరికి చెప్పుకోవాలో రాసి తీరాలని మాత్రం అనదు. మన కంటైన్‌మెంట్ ఉత్తర్వులో ఈ మూడు విషయాలూ చట్టప్రకారం ఉండాలి. అవి రాయడానికి ఒక పేజీ చాలు, ఎంత అత్యవసరంలోనైనా అరగంట పని. ఆ అరగంట కూడా వెచ్చించకుండా మూసిన వీధిలోని జనాన్ని రోగం దాచొద్దని అడిగే నైతిక హక్కు ఏ అధికారికీ ఉండదు.