వరి ఆకు ఛాయాచిత్రంలో పచ్చదనం: రా ఫైలు, కలర్ ప్రొఫైల్

వరి పైరుకు నత్రజని అవసరాన్ని ఆకు రంగును బట్టి అంచనా వేయడం రైతుకు పాత అలవాటే. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఆకు రంగు పట్టిక ఆ అలవాటుకు ఒక కొలబద్దను సమకూర్చింది. పట్టికతో పోల్చేటప్పుడు ఆకుపై నేరుగా ఎండ పడకుండా తన నీడలో ఉంచుకోవాలని, ప్రతిసారీ ఒకే వ్యక్తి చూడాలని చెప్పే నియమాలు విస్తరణ శాస్త్రవేత్తలకు సుపరిచితం. అదే ఆకును ఫోటో తీసి పచ్చదనాన్ని కంప్యూటరులో అంకెలుగా మార్చేటప్పుడు ఇంతకంటే ఎక్కువ జాగ్రత్త అవసరం. పట్టికలో పక్కపక్క గడుల మధ్య తేడా స్వల్పం. సాఫ్ట్‌వేరులో కలర్ ప్రొఫైల్ మార్చినంత మాత్రాన ఆకు రంగు అంతకు మించి మారిపోవచ్చు.

నిజానికి కెమెరా సెన్సరుకు రంగు తెలియదు. ప్రతి బిందువు తనపై పడిన కాంతి పరిమాణాన్ని మాత్రమే కొలుస్తుంది. కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ రూపొందించగా 1976లో పేటెంటు పొందిన అమరికలో ప్రతి నాలుగు బిందువులలో రెండింటిపై ఆకుపచ్చ, ఒకదానిపై ఎరుపు, మరొకదానిపై నీలం వడపోతలు ఉంటాయి. నేటి కెమెరాలలో అధిక భాగం ఈ అమరికనే వాడుతున్నాయి. రా ఫైలులో ఉండేవి ఈ కొలతలే. 14 బిట్ల రా ఫైలులో 16,384 స్థాయిలు ఉంటే, సాధారణ జేపెగ్ చిత్రంలో ఒక్కొక్క రంగుకు 256 మాత్రమే.

ఈ కొలతలు ఆ కెమెరా సొంత భాష. వాటిని మానవ నేత్రం ఆధారంగా 1931లో నిర్ణయించిన ప్రామాణిక వర్ణ విలువలలోకి అనువదించేదే ప్రొఫైల్. దాని సరళ రూపం తొమ్మిది అంకెల మాత్రిక. దీనిని వైట్ బ్యాలెన్సుతో కలిపి చూడడం విద్యార్థులలో తరచుగా కనిపించే పొరపాటు. బూడిద రంగు వస్తువును బూడిద రంగుగానే చూపడం వైట్ బ్యాలెన్సు పని. మిగిలిన రంగులు ఏవో తేల్చడం ప్రొఫైల్ పని. అందువల్ల తెల్ల కాగితాన్ని ఆధారంగా తీసుకొని వైట్ బ్యాలెన్సు సరిచేసినా ఆకుపచ్చ తప్పుగానే మిగిలిపోవచ్చు.

కొన్ని ప్రొఫైళ్లలో రెండు మాత్రికలు ఉంటాయి: ఒకటి 2,856 కెల్విన్ల టంగ్‌స్టన్ కాంతికి, రెండవది సుమారు 6,500 కెల్విన్ల పగటి వెలుగుకు. చిత్రం తీసిన వెలుగును బట్టి సాఫ్ట్‌వేరు ఆ రెండింటి మధ్య విలువను లెక్కిస్తుంది. ప్రయోగశాలలోని ట్యూబు లైటు వర్ణపటం ఈ రెండింటి కోవలోనూ చేరదు. కనుక పొలంలో తీసిన చిత్రాన్నీ, కోసి తెచ్చిన ఆకును ట్యూబు లైటు కింద తీసిన చిత్రాన్నీ ఒకే పట్టికలో పోల్చడం తగదు.

ఇక సాఫ్ట్‌వేరు తనంతట తాను ఎంచుకునే ప్రొఫైల్ కొలత కోసం చేసినది కాకపోవచ్చు. అడోబీ సంస్థ 2018లో లైట్‌రూమ్‌లో ప్రవేశపెట్టిన 'ల్యాండ్‌స్కేప్' ప్రొఫైల్ ఆకాశాన్నీ, చెట్ల పచ్చదనాన్నీ మరింత నిండుగా చూపడానికి ఉద్దేశించినది. ప్రకృతి దృశ్యాలకు అది ఇంపుగానే ఉంటుంది. లేత పసుపుకు తిరుగుతున్న వరి ఆకు విషయంలో మాత్రం అసలు లక్షణమే మరుగున పడే ప్రమాదం ఉంది. రెండు పంటకాలాలు సాగే ప్రయోగంలో మధ్యలో ప్రొఫైల్ మారితే ఎరువు మోతాదు వల్ల వచ్చిన తేడా ఏదో, సాఫ్ట్‌వేరు వల్ల వచ్చినది ఏదో విడదీయడం కష్టం. రా ఫైళ్లు భద్రపరిచి ఉంటే అన్నింటినీ మళ్లీ ఒకే ప్రొఫైల్‌తో సిద్ధం చేసుకోవచ్చు. జేపెగ్‌లు మాత్రమే మిగిలితే ఆ అవకాశం ఉండదు.

24 గడుల ప్రామాణిక రంగుల కార్డును ఆకు పక్కనే, అదే వెలుగులో ఉంచి ఫోటో తీసి, దాని ఆధారంగా ఆ కెమెరాకు సొంత ప్రొఫైల్ తయారు చేసుకోవడం మేలైన పద్ధతి. అయినా అది సంపూర్ణం కాదు. రంగు పూసిన గడి, పత్రహరితం గల ఆకు కంటికి ఒకేలా కనిపించినా వాటి నుంచి వచ్చే కాంతి వర్ణపటం ఒకటి కాదు; కెమెరా వడపోతలు కంటి స్పందనతో పూర్తిగా సరిపోలవు. అందుచేత పత్రహరిత మీటరు రీడింగులతో సరిచూసుకోవడం అవసరం. పరిశోధన పద్ధతులు వివరించేటప్పుడు కెమెరా పేరుతో ఆగక ప్రొఫైల్, సాఫ్ట్‌వేరు వెర్షన్, టోన్ కర్వ్ కూడా పేర్కొనాలి.

రైతులు సెల్‌ఫోనులో పంపే చిత్రాలది వేరే సమస్య. వాటిలో ఫోను తయారీదారు ఎంచుకున్న రంగుల మార్పు అప్పటికే కలిసిపోయి ఉంటుంది. అగ్గితెగులు కండె ఆకారపు మచ్చను గుర్తించడానికి ఆ చిత్రం పనికి వస్తుంది. యూరియా పైపాటుగా వేయాలో వద్దో చెప్పడానికి ఆ పచ్చదనం చాలదు. అటువంటప్పుడు పసుపు రంగు ముందుగా ముదురు ఆకులలో కనిపించిందా, లేత ఆకులలోనా అని రైతును అడగడం మంచిది. నత్రజని లోపం ముదురు ఆకులలో, గంధకం లోపం లేత ఆకులలో మొదట బయటపడుతుంది. ఆ సమాధానానికి ఏ ప్రొఫైల్‌తోనూ పని లేదు.